రంగు మానేద్దామనుకుంటున్నారా? నెరిసిన జుట్టుపై విశాఖ పాఠకుల ప్రశ్నలు

(జవాబులు: హెయిర్ కలర్ నిపుణులు, చర్మవ్యాధుల వైద్యులు)

డై మానేసి నెరిసిన జుట్టును అలాగే ఉంచుకోవాలనుకునేవాళ్ల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన వాటికి జవాబులిస్తున్నాం. అందరికీ వర్తించే సంగతి ఒకటి ముందే చెప్పేస్తాం. పర్మనెంట్ డై పట్టిన వెంట్రుక తనంతట తాను తిరిగి తెల్లబడదు. కుదుళ్ల నుంచి కొత్తగా వచ్చేదే తెల్లగా వస్తుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది పాత జుట్టును ఏం చేయాలన్నదే. అది మీ జుట్టు పొడవును బట్టి, ఇన్నాళ్లూ దానికి ఏమేం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. టీచర్‌ని. పదిహేనేళ్లుగా నల్ల డై వేసుకుంటున్నాను. ఇప్పుడు ఇరవై రోజులు తిరక్కుండానే పాపిట తెల్లగా కనబడుతోంది. విసుగొచ్చేసింది. జడ నడుం దాకా ఉంది. మొత్తం తెల్లబడడానికి ఎన్నాళ్లు పడుతుంది? పైన తెలుపు, కింద నలుపు, మధ్యలో గీతతో బడికి ఎలా వెళ్లడం? పార్లర్‌లో ఒక్క రోజులో వెండి రంగు చేసేస్తామంటున్నారు, చేయించుకోవచ్చా?
— ఎస్.వి., ఎంవీపీ కాలనీ

జవాబు: జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. నడుం దాకా అంటే నడినెత్తి నుంచి 28, 30 అంగుళాలు. ఏమీ కత్తిరించకుండా ఎదురుచూస్తే దగ్గర దగ్గర ఐదేళ్లు. అంత ఓపిక పట్టేవాళ్లు తక్కువ. పైగా ఆ చివర్లు పదిహేనేళ్ల రసాయనాన్ని మోస్తున్నవి, నానాటికీ చిట్లిపోతాయి.

మా సలహా, ముందుగా భుజాల దాకా, అంటే 16 అంగుళాలకు కత్తిరించుకోండి. ఆ తర్వాత రెండు నెలలకోసారి చివర్లు తీయించండి. ఎంత తీయిస్తారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ప్రతిసారీ అంగుళం తీయిస్తే పొడవు భుజాల దగ్గరే నిలుస్తుంది కానీ పూర్తిగా తెల్లబడడానికి 32 నెలలు పడుతుంది. అంగుళంన్నర తీయిస్తే 21 నెలలు. అప్పటికి జుట్టు గడ్డం దాకా ఉంటుంది. రెండేసి అంగుళాలు తీయిస్తే 16 నెలలకే అయిపోతుంది, 8 అంగుళాలు మిగులుతుంది. మీ వృత్తికి, జడ అలవాటుకు అంగుళంన్నర దారే నప్పుతుందని మా అభిప్రాయం. పొడుగు జడే కావాలంటే తెలుపు మొత్తం వచ్చాక మళ్లీ పెంచుకోవచ్చు.

కత్తెర వేయించే ముందు రెండు నెలలు డై ఆపి చూడండి. అంగుళం తెలుపు వచ్చాక అద్దం ముందు, వెనక ఇంకో అద్దం పట్టుకుని పరిశీలించండి. సాధారణంగా కణతల దగ్గర ముందు నెరుస్తుంది, మెడ వెనక చివరికి నెరుస్తుంది. ముందు పూర్తి తెలుపు, వెనక సగం నలుపే ఉన్నవాళ్లు చాలామంది. మీ అసలు రంగు ఏమిటో ఆ అంగుళమే చెబుతుంది. తెలుపు సగానికి తక్కువైతే గీత అంత కొట్టొచ్చినట్టు కనబడదు, పని సులువు.

ఇక గీత సంగతి. తిన్నని పాపిట తీస్తే అది నేరుగా కనిపిస్తుంది. దువ్వెన కొసతో పాపిటను వంకరటింకరగా తీయండి, లేదా పక్కకు మార్చండి. జడకు బదులు రెండు పక్కల నుంచి పాయలు మెలితిప్పి వెనక ముడి వేయండి. మెలితిప్పినప్పుడు తెలుపూ నలుపూ కలిసిపోయి గీత చెదిరిపోతుంది. నున్నగా నూనె రాసి గట్టిగా వెనక్కి దువ్వితే మాత్రం గీత రెట్టింపు కనబడుతుంది.

పార్లర్‌లో చేయించదగ్గది ఒకటుంది. నల్ల భాగంలో సన్నటి పాయలు, ఒక్కొక్కటి దారాల్లా తీసి, ఫాయిల్లో చుట్టి లేత గోధుమ రంగుకు తేల్చడం. వాటినే హైలైట్స్ అంటారు. అలాగే తెల్లటి కుదుళ్లలో అక్కడక్కడా కొన్ని పాయలకు డెమీ-పర్మనెంట్ (కొన్ని తలంట్లకు దిగిపోయే) రంగు, 10 వాల్యూమ్, అంటే 3 శాతం పెరాక్సైడ్‌కు మించని డెవలపర్‌తో (రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రావణం) వేయడం. ఇవి లో-లైట్స్. రెండూ కలిస్తే గీత పోయి, చారలు చారలుగా కలిసిన జుట్టు కనిపిస్తుంది. మొహం చుట్టూ, పాపిట దగ్గర వేస్తే చాలు. మూడు నాలుగు నెలలకోసారి. తల మొత్తం వేయించుకోవద్దు.

ఒక్క రోజులో వెండి రంగు మాటకొస్తే, పదిహేనేళ్ల నల్ల డై మీద వద్దు. డై మీద ఇంకో లేత డై వేస్తే అది నలుపును తీయలేదు, బ్లీచ్ వేయాల్సిందే. బ్లీచ్ వేస్తే నలుపు నేరుగా తెలుపవదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు, చివరకు లేత పసుపు. వెండి టోనర్ (బ్లీచ్ తర్వాత వేసే వెండి ఛాయ రంగు) నిలవాలంటే ఆ లేత పసుపు దాకా రావాలి. పొరలు పొరలుగా పేరుకున్న నలుపు అక్కడికి ఒక్క పూటలో రాదు. రప్పించడానికి 30, 40 వాల్యూమ్ డెవలపర్ వాడితే వెంట్రుక తడిలో రబ్బరులా సాగి తెగిపోతుంది. పద్ధతిగా చేసేవాళ్లు 20 వాల్యూమ్ దాటకుండా, కనీసం నెలా నెలన్నర వ్యవధి ఇచ్చి, మూడు నాలుగు విడతల్లో చేస్తారు. ఈలోపు తెల్లగా వచ్చిన కొత్త జుట్టుకు బ్లీచ్ తగలకూడదు. దానికి తీయాల్సిన రంగేమీ లేదు, దెబ్బ మాత్రమే తగులుతుంది. అడగవలసిన ప్రశ్నలు ఇవే: డెవలపర్ ఎంత, ఎన్ని విడతలు, ముందు నాలుగు వెంట్రుకల మీద పరీక్షిస్తారా? వీటికి తిన్నగా జవాబు చెప్పని చోట తల అప్పగించకండి.

కలర్ రిమూవర్ అని వేరే ఉంటుంది. ఇది బ్లీచ్ కాదు. డై అణువును చిన్నదిగా విడగొట్టి కడుక్కుపోయేలా చేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. వేశాక పది పదిహేను నిమిషాలు నీళ్ల కింద కడగాలి. సరిగా కడగకపోతే మిగిలిన అణువులు మళ్లీ కలిసి నాలుగు రోజుల్లో తిరిగి నల్లబడతాయి. వెంటనే పెరాక్సైడ్ ఉన్నదేదైనా వేసినా అంతే. రంగు పోయినా అడుగున నారింజ ఛాయ మిగులుతుంది, ఎందుకంటే ఇన్నేళ్ల పెరాక్సైడ్ మీ సహజ రంగును ముందే తినేసింది. హైలైట్స్‌కు ముందు అడుగుగా బాగుంటుంది, దానితోనే తెల్లబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: నేను డై ఎప్పుడూ వాడలేదు. పన్నెండేళ్లుగా గోరింటాకు పొడి, మీద ఇండిగో. మధ్యలో రెండేళ్లు "బ్లాక్ మెహందీ" ప్యాకెట్లు కూడా. అంతా సహజమే కదా, బ్లీచ్ వేస్తే పోతుందని పార్లర్ అమ్మాయి చెప్పింది. నిజమేనా?
— ఆర్.పి., గాజువాక

జవాబు: ఆగండి. మీ జుట్టుకు బ్లీచ్ వేయడానికి ముందు రెండు పరీక్షలు తప్పనిసరి.

గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అది వెంట్రుకలోని కెరాటిన్‌తో గట్టిగా అతుక్కుంటుంది. కలర్ రిమూవర్‌కు లొంగదు. బ్లీచ్‌కు కొంత లొంగి నారింజ దగ్గర ఆగిపోతుంది. ఇండిగో ఉన్నచోట బ్లీచ్ తగిలితే ఆకుపచ్చగానో నీలంగానో తేలి మొండికేస్తుంది. నూనె పట్టిస్తే గోరింటాకు పోతుందంటారు. పెట్టిన రెండు మూడు రోజుల్లో అయితే కాస్త లేతబడుతుంది, ఏళ్ల నాటిది కదలదు.

అంతకన్నా భయపెట్టేది ఆ బ్లాక్ మెహందీ. గోరింటాకు ఎప్పుడూ నల్లటి రంగు ఇవ్వదు. నలుపొచ్చిందంటే అందులో ఇండిగోనో, పీపీడీ, అంటే పారాఫినిలీన్‌డయామిన్ అనే డై రసాయనమో, లోహపు లవణాలో కలిపారన్నమాటే. లోహపు లవణాలున్న వెంట్రుకకు పెరాక్సైడ్ తగిలితే వేడి పుడుతుంది, పొగ రావచ్చు, వెంట్రుక కరిగిపోవచ్చు, మాడు కాలవచ్చు.

మొదటి పరీక్ష దానికోసం. వారం రోజులు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పోగుచేయండి. పాతిక వెంట్రుకలను దారంతో కట్టండి. పార్లర్‌లోనే, కిటికీ తీసి, చేతికి గ్లౌజులు వేసుకుని చేయమనండి. గాజు గిన్నెలో 30 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ పెరాక్సైడ్, అందులో 28 శాతం అమోనియా ద్రావణం 20 చుక్కలు. వెంట్రుకల కట్టను అందులో అరగంట ముంచాలి. స్టీలు గిన్నె పనికిరాదు. నీళ్లు వేడెక్కినా, బుడగలు వచ్చినా, చెడు వాసన వేసినా, క్షణాల్లో రంగు మారినా లోహం ఉన్నట్టే. ఇక ఆ జుట్టుకు బ్లీచ్ గానీ, పెరాక్సైడ్ కలిసే ఏ రంగు గానీ వద్దు. కత్తిరించుకుంటూ పోవడమొక్కటే మార్గం.

మొదటి పరీక్ష గట్టెక్కితే రెండోది. ఇంకో కట్టకు 5 గ్రాముల బ్లీచ్ పౌడర్, 10 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ డెవలపర్ కలిపి పట్టించాలి. వేడి తగిలించకూడదు. పది నిమిషాలకోసారి తుడిచి చూస్తూ, 45 నిమిషాలకు ఎట్టి పరిస్థితుల్లోనూ కడిగేయాలి. తడిగా ఉన్నప్పుడే ఒక వెంట్రుకను రెండు చేతులా మెల్లగా లాగండి. కొంచెం సాగి వెనక్కి వస్తే బలం ఉంది. జిగురులా సాగి అలాగే ఉండిపోతే, తెగితే, అక్కడితో ఆపేయాలి. ఆరాక పగటి వెలుతురులో రంగు చూడండి. ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చ ఛాయ తెలియదు.

మీలాంటి జుట్టుకు మేం చెప్పేది: కొత్తది పెరగనివ్వండి, గోరింటాకు ఆపేయండి, ఇండిగో మొదలే వద్దు. ఇండిగో లేని ఎర్రటి చివర్లు ఉన్నచోట తెల్లటి కుదుళ్లు నల్ల గీత కంటే చాలా మెత్తగా కలుస్తాయి.

ప్రశ్న: మా అమ్మకు 61. పోయిన నెల డై వేసుకున్న మర్నాడు మాడు దురద, తర్వాత కళ్లు మూసుకుపోయేలా వాపు. ఇంజక్షన్‌తో తగ్గింది. ఇప్పుడు అమ్మోనియా లేని డై వాడొచ్చని దుకాణంవాడు అంటున్నాడు. జుట్టుకు ఇప్పటికే ఉన్న రంగు వల్ల మళ్లీ వాపు వస్తుందేమోనని తనకు భయం. గుండు చేయించేయమంటోంది.
— డి.కె., పెందుర్తి

జవాబు: గుండు అక్కర్లేదు, అమ్మకు ధైర్యం చెప్పండి. వెంట్రుకలో పూర్తిగా కుదురుకున్న రంగు సాధారణంగా అలర్జీ తేదు. అలర్జీ తెచ్చేది కలిపి రాసేటప్పుడు ఉండే పీపీడీ. వాపు, పుండ్లు పూర్తిగా తగ్గాక మామూలు షాంపూతో రెండు మూడుసార్లు తలంటి, పెరగనివ్వండి.

అమ్మోనియా లేనిది అంటే పీపీడీ లేనిది అని కాదు. ఈ రెండింటినీ కలగలిపి అమ్ముతారు, జనం మోసపోయేది ఇక్కడే. అమ్మోనియా ఘాటు వాసనకు, మంటకు కారణం, అలర్జీకి కాదు. పీపీడీకి బదులు టోలుయిన్ డయామిన్ వాడిన రంగులు కూడా పీపీడీ పడనివాళ్లలో చాలామందికి పడవు. ఒకసారి కళ్లు వాచినవాళ్లకు తర్వాతిసారి ఇంకా తీవ్రంగా వచ్చే ప్రమాదముంది. మెడ, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో ఉండకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఇంకో విషయం. పీపీడీ పడనివాళ్లకు దాని చుట్టరికపు రసాయనాలూ పడకపోవచ్చు. పుండ్లకు రాసే మత్తు మందుల్లోని బెంజోకెయిన్, కొన్ని సల్ఫా మందులు, ముదురు బట్టల అద్దకాలు, పెళ్లిళ్లలో చేతులకు పెట్టే నల్ల మెహందీ కోన్లు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరైనా సరే, "హెయిర్ డై అలర్జీ" అని ముందే చెప్పాలి. చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోమనండి. ప్యాచ్ టెస్ట్ అవసరమా అన్నది కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగంలో గానీ మీకు దగ్గర్లోని స్పెషలిస్టును గానీ అడగండి. వీపు మీద పట్టీలు అతికించి 48 గంటలకు, మళ్లీ 72 లేక 96 గంటలకు చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మన ఊళ్లో అందుకు ఎండలు తగ్గిన నెలలే మేలు.

ప్రశ్న: ఏడాదిన్నర కష్టపడి తెల్ల జుట్టు తెచ్చుకున్నాను. ఇప్పుడది వెండిలా కాకుండా పసుప్పచ్చగా, మాసినట్టు ఉంటోంది. ముఖ్యంగా నుదుటి దగ్గర. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. పర్పుల్ షాంపూ వాడితే ఊదా రంగు వచ్చింది. ఏం చేయాలి?
— టి.ఎల్., మధురవాడ

జవాబు: తెల్ల వెంట్రుకలో రంగు లేదు కాబట్టి తగిలిన ప్రతి మరకా దానిమీద బయటపడుతుంది. ముందు మరక ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి, పర్పుల్ షాంపూ చివరి మాట.

నుదుటి దగ్గరే ఎక్కువ అన్నారు. మొహానికి పసుపు రాసుకుంటారా? పాపిట్లో కుంకుమ పెడతారా? పసుపు ముందువరస తెల్ల వెంట్రుకలకు అంటుకుని రెండు మూడు తలంట్ల దాకా వదలదు. కృత్రిమ రంగు కలిసిన కుంకుమ పాపిట పక్క వెంట్రుకలను గులాబీ రంగు చేస్తుంది. మానేయమని చెప్పడం లేదు. పసుపు రాసేముందు నుదుటి అంచు వెంట్రుకలకు వేలి కొసతో కాస్త కొబ్బరినూనె అద్దండి. కుంకుమకు ముందు పాపిట్లో అగ్గిపుల్ల తలంత వాజలీన్. మరక పట్టదు.

ఇక నీళ్లు. పారదర్శకమైన సీసాలో సగానికి బోరు నీళ్లు పోసి, స్నానపు సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా కుదపండి. నురుగు రాకుండా నీళ్లు పాలలా తెల్లబడితే కఠిన జలం. బకెట్ అడుగున ఎర్రమట్టి రంగు చార కడుతుంటే ఇనుము ఉంది. కుళాయి మూతి దగ్గర తెల్లటి పొక్కు కడితే కాల్షియం. ఇనుమైతే జుట్టు పసుపు, ఇటుక రంగుకు తిరుగుతుంది. నెలకు రెండుసార్లు ఈడీటీఏ (లోహాలను పట్టి కడిగేసే రసాయనం) ఉన్న క్లారిఫైయింగ్ షాంపూతో అంటుకోండి, సీసా వెనక డైసోడియం ఈడీటీఏ లేదా టెట్రాసోడియం ఈడీటీఏ అని రాసుంటుంది. మూడు నిమిషాలు ఉంచి కడగాలి. వెంటనే కండిషనర్ తప్పనిసరి. మిగతా వారాల్లో తలంటాక లీటరు నీళ్లలో ఒక టేబుల్‌స్పూను వెనిగర్ కలిపి పోసుకుని, నిమిషం ఆగి కడిగేయండి. చివరి రెండు చెంబులైనా జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు వాడండి. ఆర్‌ఓ యంత్రం పక్క గొట్టంలోంచి వదిలే నీళ్లు బకెట్లో పట్టి తలకు పోసుకునేవాళ్లున్నారు. అవి బోరు నీళ్ల కంటే చిక్కటి లవణపు నీళ్లు, గచ్చు కడుక్కోవడానికి సరే, జుట్టుకు వద్దే వద్దు.

ఇనుమున్న నీళ్లతో ఉసిరి పొడి, శీకాయ వాడకండి. ఉసిరిలోని టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లబడతాయి, ఇనప మూకుడులో ఉసిరి నానబెట్టి జుట్టు నలుపుకు వాడేది అందుకే. తెల్ల జుట్టు మీద అదే మాసిన బూడిద రంగుగా కనిపిస్తుంది. నూనె విషయంలో తేటగా ఉన్న కొబ్బరినూనె మేలు, వెంట్రుక లోపలికి దిగుతుంది కూడా. ఆవనూనె, ముదురు రంగు మూలికల నూనెలు, పసుపుపచ్చటి ఆముదం ఆపేయండి. తలంటే ముందు గంట పెట్టుకుని కడిగేస్తే చాలు. నూనె తలతో రోజంతా ఉంటే దుమ్ము, వంటింటి పొగ దానికే అంటుకుంటాయి.

ఎండ మరో కారణం. నల్ల వెంట్రుకను మెలనిన్ కాపాడుతుంది, తెల్లదానికి ఆ రక్ష లేదు. బీచ్ రోడ్డులో స్కూటీ మీద రోజూ తిరిగితే పైపొర పసుపెక్కుతుంది. హెల్మెట్ కింద పలచటి నూలు గుడ్డ కట్టండి. రుషికొండలో సముద్రస్నానం చేసే పనైతే ముందు మంచినీళ్లతో జుట్టు తడపండి, తడిసిన వెంట్రుక ఉప్పునీటిని తక్కువగా పీల్చుకుంటుంది. ఈతకొలనులో తెల్ల జుట్టు ఆకుపచ్చగా మారడానికి క్లోరిన్ కంటే నీళ్లలోని రాగి కారణం. ఈడీటీఏ షాంపూ దానికీ పనిచేస్తుంది. స్ట్రెయిటనర్ వాడితే 150 డిగ్రీలు దాటనివ్వకండి, వేడికి పసుపెక్కిన వెంట్రుక మళ్లీ కడిగినా పోదు, కత్తిరించాల్సిందే.

పర్పుల్ షాంపూ ఇవన్నీ సరిచేశాక. అందులోని ఊదా రంగు పసుపును అణచివేస్తుంది, అంతే; మరకను తీయదు. వారానికో పదిరోజులకో ఒకసారి, మామూలు షాంపూతో అంటుకున్నాక, తడి జుట్టుకు రెండు మూడు నిమిషాలు. పొడి జుట్టుకు రాస్తే, పావుగంట ఉంచితే ఊదా పట్టేస్తుంది. పట్టింది పోవాలంటే క్లారిఫైయింగ్ షాంపూతో రెండు తలంట్లు చాలు, కంగారు పడకండి. మీ జుట్టు పసుపుగా కాక నారింజగా ఉంటే పర్పుల్ పనిచేయదు, బ్లూ షాంపూ కావాలి.

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. రిటైర్‌మెంట్‌కు ముందే తలకూ మీసానికీ డై మానేద్దామనుకుంటున్నా. ఏది ముందు మానాలి? కనుబొమలు కూడా నెరిశాయి.
— జి.ఎన్., ఉక్కునగరం

జవాబు: మగవాళ్లకు ఇది రెండు నెలల పని. మెషీన్‌తో నంబర్ 4 కటింగ్ చేయిస్తే 12 మిల్లీమీటర్లు మిగులుతుంది, అది ఒక నెల పెరుగుదల. నంబర్ 8 అయితే 25 మిల్లీమీటర్లు, రెండు నెలలు. డై ఆపి నెల తిరిగాక నంబర్ 4 చేయించండి, నల్ల కొసలు దాదాపు అన్నీ పోతాయి. మీసం, తల ఒకేసారి ఆపండి. నల్ల మీసం, తెల్ల తల చూడగానే కనబడిపోతుంది. మీసాన్ని పొట్టిగా కత్తిరిస్తే మూడు వారాల్లో సర్దుకుంటుంది. కనుబొమలకు తల డై ఎప్పుడూ వేయకండి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ప్యాకెట్ మీద కూడా రాసుంటుంది.

ప్రశ్న: డై ఆపి ఐదు నెలలైంది. మాఘంలో అమ్మాయి పెళ్లి. రెండున్నర అంగుళాల తెలుపుతో పీటల మీద ఎలా కూర్చుంటావు, ఈ ఒక్కసారికి డై వేసేయమని మా తోటికోడలు పోరుతోంది.
— ఎం.వై., సీతమ్మధార

జవాబు: వేశారంటే ఐదు నెలలూ పోయినట్టే. ఆ రెండున్నర అంగుళాలకు పట్టిన రంగు మళ్లీ పెరిగే దాకా దిగదు.

రూట్ స్ప్రే, పౌడర్ అంగుళం లోపు తెలుపుకు పనికొస్తాయి. రెండున్నర అంగుళాలకు రాసి, మండపంలో హోమం ముందు గంటల తరబడి కూర్చుంటే చెమటకు కరిగి నుదుటి మీదికి, జాకెట్టు మెడకు దిగుతుంది. దానికన్నా పాపిట పక్కన, కణతల దగ్గర పది పన్నెండు సన్న పాయలకు డెమీ-పర్మనెంట్ లో-లైట్స్ వేయించండి. నలుపు వద్దు, మీ పాత రంగు కంటే ఒకటి రెండు ఛాయలు లేత గోధుమ రంగు. పాతిక ముప్పై తలంట్లలో చాలావరకు దిగిపోతుంది. 48 గంటల ముందు చెవి వెనక పరీక్ష చేయించుకోవాలి, పదిహేనేళ్లుగా డై వాడినవాళ్లయినా సరే. పెళ్లికి పది రోజుల ముందు వేయించండి, ముందు రోజు వద్దు. ఏదైనా తేడా వస్తే సర్దుకునే వ్యవధి ఉంటుంది.

ముడి విషయంలో పాపిట తీయకుండా, పక్కల నుంచి పాయలు మెలితిప్పి, మెడ మీదికి వదులుగా ముడి. సవరం పెడితే కింది నల్ల భాగానికి సరిపోయేది తీసుకోండి, పైన తెలుపుకు కాదు. ముడి చుట్టూ మల్లెలు, కనకాంబరాలు వచ్చాక నల్లది ఎంతుందో, సవరం ఎంతుందో ఎవరికీ తెలియదు. ఫొటోగ్రాఫర్‌కు ఒకసారి అలంకరణ చేసి చూపించి, ఫ్లాష్‌లో గీత ఎలా పడుతోందో ముందే చూసుకోండి. మాఘానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఈ నెలే ఒకసారి రెండు అంగుళాలు చివర్లు తీయించండి, ముడి చక్కగా కూర్చుంటుంది.

ప్రశ్న: నాకు 26. అప్పుడే ముందు పాయ నెరిసింది. పీకితే ఎక్కువవుతాయంటారు. డై మొదలుపెట్టాలా?
— పి.హెచ్., ద్వారకానగర్

జవాబు: డై ఆలోచన తర్వాత, ముందు రక్తపరీక్ష. బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) చేయించండి. బి12 లోపం, థైరాయిడ్ తేడా ఉంటే వాటికి చికిత్స అయ్యాక కొంతమందిలో కొంత నలుపు తిరిగొస్తుంది. శాకాహారులైతే బి12 తప్పక చూడాలి. అమ్మానాన్నలకు చిన్నప్పుడే నెరిసి ఉంటే మందులతో వెనక్కి రాదు. పాయ మొత్తం ఒకేచోట తెల్లబడి, కింద చర్మం కూడా తెల్లగా ఉంటే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి, బొల్లి కావచ్చు. పీకితే పక్కవి నెరవవు కానీ కుదురు దెబ్బతిని అక్కడ వెంట్రుకే రాకపోవచ్చు. కత్తెరతో కుదురు దగ్గర కత్తిరించుకోండి.

ప్రశ్న: సింహాద్రి అప్పన్నకు తలనీలాల మొక్కుంది. 60 ఏళ్లు, షుగరు ఉంది. గుండు చేయిస్తే మళ్లీ వచ్చేదంతా తెల్లగానే వస్తుందా? ఎన్నాళ్లకు తలలా కనిపిస్తుంది? గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా, నల్లగా వస్తుందని కూడా అంటారు.
— కె.ఎ., గోపాలపట్నం

జవాబు: డై జుట్టు వదిలించుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన దారి లేదు. ఒక్క పూటలో పాతదంతా పోతుంది. వచ్చేది మీ అసలు రంగే. ముందు తెల్లగా, మెడ వెనక నల్లగా మిశ్రమంగా ఉండవచ్చు. ఒత్తుగా రావడం, నల్లగా రావడం నిజం కాదు. కత్తి పైన తగులుతుంది, కుదురు చర్మం లోపల ఉంటుంది. మొద్దుగా తెగిన కొస చేతికి గరుకుగా తగిలితే ఒత్తుగా వచ్చిందనిపిస్తుంది.

నెలకు అరంగుళం. మూడు నెలలకు అంగుళంన్నర, ఆరు నెలలకు మూడంగుళాలు, అంటే చక్కటి బాయ్‌కట్. ఏడాదికి ఆరంగుళాలు, చెవులు కప్పుతుంది.

షుగరు ఉంది కాబట్టి కొత్త బ్లేడు మీ కళ్లముందే విప్పించండి. ఎక్కడైనా గాటు పడితే మంచినీళ్లతో కడిగి యాంటీసెప్టిక్ రాయండి. రెండు రోజుల్లో ఎర్రబడినా, చీము పట్టినా డాక్టరుకు చూపించండి. గుండు మీద రాసే గంధం చల్లగా ఉంటుంది కానీ ఎండను ఆపదు. ఇన్నేళ్లూ జుట్టు కింద దాగిన చర్మం ఒక్క మధ్యాహ్నానికే కాలిపోతుంది. వీలైతే కార్తీకం నుంచి మాఘం లోపు చేయించుకోండి, ఏప్రిల్, మే వద్దు. గాట్లు మానాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, బయటికెళితే నూలు గుడ్డ. పాలిస్టర్ స్కార్ఫు ఈ ఉక్కపోతకు చెమటకాయలు తెస్తుంది.

రెండో నెలలో వెంట్రుకలు నిటారుగా నిలబడతాయి. నెరిసిన వెంట్రుక చాలామందిలో బిరుసుగా ఉంటుంది, గాలిలో తేమకు ఇంకా లేస్తుంది. స్నానం కాగానే తడి మీద బఠానీ గింజంత కలబంద జెల్ అరచేతుల్లో రుద్దుకుని పైపైన అద్దండి. నాలుగో నెలలో మెడ దగ్గర, చెవుల వెనక మాత్రమే అంచులు సరిచేయించండి. పైన కత్తెర పెట్టనివ్వకండి, ఆరో నెల దాటాక చూడొచ్చు.